సెప్టిక్ ట్యాంకు సంబంధం

"మీ ట్యాంకు ఎక్కడుందండీ?"

గుమ్మంలో నిలబడ్డ అమ్మాయి అడిగిన ప్రశ్నకి గ్లోబు సారు తడుముకోకుండా జవాబిచ్చాడు.

"మేడ మీద."

"అది మంచినీళ్లది. నేనడిగేది రెండోది."

"రెండోది లేదండీ. మాకు ఒకటే."

ఆ అమ్మాయి అతన్ని ఒకసారి పైనుంచి కిందికి చూసింది. ఆమె కాళ్లకి మోకాళ్ల దాకా రబ్బరు బూట్లున్నాయి. ఒక చేతిలో మనిషంత పొడుగు ఇనుప చువ్వ, ఇంకో చేతిలో కాగితాలు బిగించిన అట్ట. జుట్టు ముడిచి, ముడిలో పెన్సిలు గుచ్చుకుంది.

"పొద్దున లేచి బాత్రూమ్‌కి వెళ్తారు కదా?"

"వెళ్తాను," అన్నాడు సారు. చెవులు వేడెక్కాయి.

"అదంతా ఎక్కడికి పోతోందనుకుంటున్నారు?"

సారు ఆలోచనలో పడ్డాడు. అతను హైస్కూల్లో జాగ్రఫీ చెబుతాడు. ఏ నది ఎక్కడ పుట్టి ఏ సముద్రంలో కలుస్తుందో నిద్రలో లేపి అడిగినా చెప్పగలడు. ఏ క్లాసుకి వెళ్లినా గ్లోబు చంకన పెట్టుకుని వెళ్తాడని పిల్లలు ఆ పేరు పెట్టారు. పిల్లల నుంచి అది టీచర్లకీ, టీచర్ల నుంచి వీధికీ పాకింది. కానీ ముప్పై ఏళ్లుగా తను ఉంటున్న ఇంట్లోంచి నీళ్లు ఎక్కడికి పోతాయో ఎవరూ అడగలేదు. తనకీ తోచలేదు.

"పోతుందండీ," అన్నాడు చివరికి. "అలా పోతుంది."

ఆమె అట్ట మీద ఏదో రాసుకుంది. "అలా పోతుంది" అనే రాసుకుందని అతనికి గట్టి అనుమానం.

ఇదంతా అమ్మ మోకాళ్ల వల్ల వచ్చింది. మెట్లెక్కలేక, తోట ఊడ్చలేక, ఆవిడ ఈ ఇల్లు అమ్మేసి తన చెల్లెలి పక్కన లిఫ్టు ఉన్న ఫ్లాటుకి పోదామంది. ఫ్లాటు కుదిరింది. ఇల్లు కొనడానికి ఒక పళ్ల డాక్టరమ్మ ముందుకొచ్చింది. ఆవిడ తన అద్దె ఇల్లు ఖాళీ చేయాలి కాబట్టి నెలలోపు రిజిస్ట్రేషన్ కావాలంది. అన్నీ కుదిరాక రిజిస్ట్రారు ఆఫీసులో ఒక కాగితం అడిగారు. ఈ వీధికి మునిసిపాలిటీ డ్రైనేజీ లేదు, ఎవరి ట్యాంకు వాళ్లదే. అలాంటి ఇల్లు అమ్మాలంటే ట్యాంకు ఎక్కడుంది, దాన్ని ఇంకెవరు వాడుతున్నారు, అందులో నీళ్లు ఎక్కడికి పోతున్నాయి, ఈ మూడూ ఇన్‌స్పెక్టరు చూసి సర్టిఫికెట్ ఇవ్వాలి. లేకపోతే రిజిస్ట్రేషన్ లేదు.

ఆ ఇన్‌స్పెక్టరే ఈ అమ్మాయి.

"అమ్మా, మన ట్యాంకు ఎక్కడుంది?" అని సారు వంటింట్లోకి కేకేశాడు.

"మీ నాన్నకి తెలుసు," అంది అమ్మ లోపలి నుంచి. "చెప్పకుండానే పోయారు."

"నువ్వు అడగలేదా?"

"ముప్పై రెండేళ్లు కాపురం చేశానురా. అడగాల్సినవి వేరే బోలెడున్నాయి."

ఇన్‌స్పెక్టరు తోటంతా చువ్వతో పొడిచింది. గులాబీల మధ్య పొడిచింది, జామచెట్టు కింద పొడిచింది. సారు టేపు పట్టుకుని వెనకాలే తిరిగాడు. ట్యాంకు దొరకలేదు. ఆఖరికి ఆమె సంచిలోంచి ఒక పొట్లం తీసింది.

"ఆకుపచ్చ రంగు పొడి. దీన్ని బాత్రూమ్‌లో వేసి నీళ్లు వదులుతూనే ఉండండి. నేను వీధి కాలవ దగ్గర నిలబడతాను. ఎక్కడ పచ్చనీళ్లు కనిపిస్తే అక్కడికి పోతున్నట్టు లెక్క."

సారు అలాగే చేశాడు. ఒక బకెట్టు పోశాడు. పది పోశాడు. చెమటలు కక్కుతూ ఇరవయ్యోది పోస్తుంటే పక్కింట్లోంచి ఒక గావుకేక వినిపించింది.

"నా బాతులు!"

పక్కింటాయన రిటైరైన పోస్టుమాస్టారు. ఒంటరి మనిషి. పెరట్లో చిన్న కుంట తవ్వించుకుని ఆరు పెద్దబాతుల్ని పెంచుకుంటున్నాడు. పాలనురగలాంటి తెల్లని బాతులు. ఇప్పుడవి రెక్కల దాకా చిలకపచ్చగా మారి, ఒకదాన్నొకటి అనుమానంగా చూసుకుంటూ ఈదుతున్నాయి.

పదకొండేళ్ల తర్వాత ఆ ఇంటి నుంచి ఈ ఇంటికి వినిపించిన మొదటి మాట అదే. పదకొండేళ్ల కిందట పోస్టుమాస్టారు వీళ్ల నిచ్చెన అడిగి తీసుకెళ్లాడు. తిరిగిచ్చినప్పుడు ఒక మెట్టు లేదని అమ్మ అంది. తీసుకున్నప్పుడే లేదని ఆయన అన్నాడు. అంతే, మాటలు పోయాయి.

ఇన్‌స్పెక్టరు రెండు పెరళ్లూ చూసింది. చువ్వతో ప్రహరీగోడ అడుగున పొడిచింది. ఠంగుమంది.

"దొరికింది," అంది ఆమె. మొహం వెలిగిపోయింది. "గోడ కిందే ఉంది. రెండు ఇళ్లూ ఒకే మేస్త్రీ కట్టాడు కదూ? ఇద్దరికీ కలిపి ఒకటే ట్యాంకు పెట్టేశాడు. దాంట్లోంచి బయటికి పోయే పైపు పగిలి, నీళ్లు కుంటలోకి కారుతున్నాయి."

అమ్మ గోడకి ఇవతల, పోస్టుమాస్టారు గోడకి అవతల నిలబడి ఆ మాట విన్నారు. పైన పదకొండేళ్లుగా పలకరింపు లేదు. కింద ఒక్క రోజు కూడా రాకపోకలు ఆగలేదు.

"ఇప్పుడేం చేయాలి?" అన్నాడు సారు.

"పైపు మార్చి కొత్తగా ఇంకుడు గుంత తవ్వాలి. నీళ్లు అందులోకే పోవాలి, కుంటలోకి చుక్క కూడా పోకూడదు. తర్వాత మీ అమ్మగారూ ఆయనా కలిసి ఒప్పందం రాసుకోవాలి. ట్యాంకు ఎవరు ఎప్పుడు శుభ్రం చేయించాలో అందులో ఉండాలి. ఇద్దరి సంతకాలూ ఉంటేనే నేను సర్టిఫికెట్ ఇస్తాను."

"నేను పెట్టను," అంది గోడకి అవతలి గొంతు.

"పెట్టకపోతే మీకు విడిగా ట్యాంకు తవ్వాల్సొస్తుందండీ. మీ పెరట్లో దానికి చోటు ఒక్కచోటే ఉంది, కుంట ఉన్నచోట."

అవతల ఒక బాతు అరిచింది.

"అయితే ఆవిడ్ని అడగమనండి. రాతపూర్వకంగా. పోస్టులో."

అమ్మ నిజంగానే ఉత్తరం రాసింది. వీధి చివర డబ్బాలో వేసింది. అది ఊళ్లోకి వెళ్లి, ముద్ర వేయించుకుని, మూడు రోజులకి పక్కింటికి చేరింది. పోస్టుమాస్టారు రిజిస్టర్డు పోస్టులో జవాబిచ్చాడు. "బాతుల పేరు కూడా ఒప్పందంలో చేర్చవలెను." అమ్మ ఒప్పుకుంటూ ఇంకో ఉత్తరం రాసింది. ఇలా రెండు వారాలు నడిచింది. పోస్టుమన్ ఏదో ఒక గేటు ముందు ఆగి, సైకిలు దిగకుండా ఒక కాలు నేలమీద ఆనించి, పక్కింటి వాళ్ల కోసం పట్నమంతా తిప్పి తేవాల్సిన ఆ కవర్లని చూసి నిట్టూర్చేవాడు.

ఆ రెండు వారాలూ గుంత పని సాగింది. పని ఎలా జరుగుతోందో చూడటానికి ఇన్‌స్పెక్టరు రోజు విడిచి రోజు వచ్చింది. ఆమె ఎలా ఉందో చూడటానికి సారు రోజు విడిచి రోజు సెలవు పెట్టాడు.

"సార్, మీకు స్కూలు లేదా?"

"సెలవు పెట్టానండీ."

"ఏమని?"

"ఇంకుడు గుంత అని రాశాను. హెడ్‌మిస్ట్రెస్ అది జబ్బనుకుంది. త్వరగా తగ్గించుకోమంది."

ఆమె పెదవి బిగించుకుని గుంతలోకి చూసింది. నవ్వు ఆపుకుంటోందని భుజాలు చెప్పేశాయి.

ఒకరోజు సన్నగా వాన పట్టింది. కూలీలు వరండాలోకి చేరారు. ఇన్‌స్పెక్టరూ సారూ జామచెట్టు కింద ఒకే గొడుగులో ఇరుక్కున్నారు. గొడుగు చిన్నది. సారు ఎడమ భుజం పూర్తిగా తడిసిపోతోంది. అంతకంటే మంచి భుజం ఈ లోకంలో ఎవరికీ లేదనిపించింది అతనికి.

"మీరు ఈ ఉద్యోగంలోకి ఎలా వచ్చారు?" అని అడిగాడు.

"డిప్లొమాలో అందరూ వంతెనలు కావాలన్నారు. నా వంతు వచ్చేసరికి ఇవి మిగిలాయి." ఆమె బూటుతో మట్టిని తోసింది. "మొదట్లో ఏడ్చాను. తర్వాత నచ్చింది. పైన చూస్తే ఇళ్లన్నీ బాగానే ఉంటాయండీ, రంగులూ గాజు తలుపులూ. మూత తీస్తే గానీ ఎవరు ఇంటిని ఎలా చూసుకుంటున్నారో తెలియదు."

"మా ఇల్లు?"

"మీరు అసలు చూసుకోలేదు. కానీ అబద్ధం చెప్పలేదు. చాలామంది తెలిసినట్టు నటిస్తారు. మీరు 'అలా పోతుంది' అన్నారు."

"మీకు పెళ్లి సంబంధాలు..." అని మొదలుపెట్టి, ఎందుకు మొదలుపెట్టానా అని నాలుక కరుచుకున్నాడు సారు.

"వస్తాయి. ఉద్యోగం ఏమిటని అడుగుతారు, చెప్తాను. అప్పుడు నా చేతుల వంక చూస్తారు. ఒకాయనైతే నేనిచ్చిన టీ కప్పు అందుకోలేదు. దూరంగా బల్ల మీద పెట్టమన్నాడు."

సారుకి ఓదార్చడం తెలియదు. అందుకని తనకి తెలిసింది చెప్పాడు.

"నిన్న తొమ్మిదో తరగతికి మీ ట్యాంకు పాఠం చెప్పాను."

"నా ట్యాంకా?"

"మా ఇంటిది. నదిలా గీశాను బోర్డు మీద. జన్మస్థానం, బాత్రూమ్. ఉపనది, పోస్టుమాస్టారి వంటిల్లు. సంగమం, గోడ కింద. డెల్టా, ఇంకుడు గుంత. పిల్లలకి ఏ నదీ ఇంత బాగా గుర్తులేదండీ. ఒకడైతే వరదలెప్పుడు వస్తాయని అడిగాడు."

ఆమె నవ్వింది. ఆపుకోలేక ఇటుకల కుప్ప మీద కూర్చుని, పొట్ట పట్టుకుని, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. ముడిలోంచి పెన్సిలు జారి, జుట్టు భుజాల మీద పడింది. గొడుగు సారు చేతిలో ఉన్నదల్లా ఎటో వాలిపోయింది. ఇద్దరూ తడిశారు. గ్లోబు సారు పని అయిపోయింది.

గుంత పూర్తయింది. ఒప్పందం మీద రెండు సంతకాలూ పడ్డాయి, చెరో ఇంట్లో కూర్చుని. రిజిస్ట్రేషన్‌కి ఇంకా వారం ఉండగా ఇన్‌స్పెక్టరు చివరిసారి రంగు పొడి వేసి చూసింది. బాతులు తెల్లగానే ఉన్నాయి. అందరికీ ఊపిరి వచ్చింది.

ఆమె హాల్లో బల్ల ముందు కూర్చుని సర్టిఫికెట్ నింపసాగింది. నింపుతూ పైకి చదువుతోంది.

"ట్యాంకు ఉన్న చోటు, ప్రహరీ కింద. వాడేవాళ్లు, రెండిళ్లు. నీళ్లు పోయే చోటు, ఇంకుడు గుంత. ఇక ఆఖరి గడి. ఈ ఇంటితో గానీ, ఇందులో ఉండేవాళ్లతో గానీ నాకు ఏ సంబంధమూ..."

సారు గభాల్న బల్ల దగ్గరికి వచ్చాడు.

"లేదని రాయకండి," అన్నాడు.

"ఏం?"

"ఉందండీ. నా వైపు నుంచి ఉంది. ఎప్పట్నుంచో తెలీదు, ఇటుకల దగ్గర్నుంచి మాత్రం కచ్చితంగా ఉంది. మీరంటే నాకు ఇష్టం. మీరక్కడ లేదని రాసి సంతకం పెడుతుంటే నేను చూడలేను."

ఆమె అతన్ని చూసింది, కాగితాన్ని చూసింది. పెన్ను మూత పెట్టింది. అది టక్కుమంది.

"రెండు నిమిషాలు," అంది. "రెండే రెండు నిమిషాలు ఆగలేకపోయారా? సంతకం అయ్యాక చెప్తే మీ సొమ్మేం పోయేది?"

"నేను ఆలోచించలేదు."

"తెలుస్తోంది. ఇంత విన్నాక ఈ కాగితం మీద నేను సంతకం పెట్టకూడదు. రూలు."

ఆమె కాగితాలు సర్దుకుని వెళ్లిపోయింది. గేటు దగ్గర వెనక్కి చూస్తుందేమోనని సారు కిటికీకి అతుక్కుపోయాడు. చూడలేదు.

"ఏమైందిరా?" అంటూ అమ్మ వచ్చింది.

"సంతకం పెట్టలేదమ్మా."

"ఏం, గుంత బాలేదా?"

"గుంత బాగుంది. నేనే బాలేను."

మూడు రోజులు సారు బడికి గ్లోబు లేకుండా వెళ్లాడు. పిల్లలు భయపడ్డారు. అమ్మ మోకాళ్లకి లిఫ్టు, చిన్నమ్మ పక్కన ఇల్లు, అన్నీ తన నోటి దురద వల్ల పోయాయని కుమిలిపోయాడు. గడువులోపు కాగితం రాకపోతే వేరే ఇల్లు చూసుకుంటానని పళ్ల డాక్టరమ్మ కబురు పంపింది. అన్నిటికంటే ఆ అమ్మాయి ఇక కనిపించదన్నది ఎక్కువ బాధగా ఉంది. అది పైకి చెప్పుకోలేడు.

నాలుగో రోజు ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. అమ్మ కళ్లజోడు పెట్టుకుని చదివింది.

"సదరు గృహమునందు నివసించు ఒక వ్యక్తితో తనకు సంబంధము కలదని తనిఖీ అధికారిణి స్వయముగా లిఖితపూర్వకముగా తెలియజేసినందున, ఈ ఫైలు వేరొక అధికారికి బదలాయించడమైనది."

సారు కుర్చీలోంచి లేచాడు. మళ్లీ కూర్చున్నాడు. మళ్లీ లేచాడు.

"ఒక వ్యక్తితో అంటే?" అంది అమ్మ. "ఇంట్లో ఉండేది ఇద్దరమే. నాతో అయ్యుంటుంది. నా కాఫీ బాగుందని రెండుసార్లు అంది."

"అమ్మా, ఆ ముక్క ఇంకోసారి చదువు."

"ఏ ముక్క?"

"స్వయముగా."

అమ్మ కళ్లజోడు తీసి కొడుకు మొహంలోకి చూసింది. తర్వాత ఆ ఉత్తరాన్ని మడిచి, ఇంటి దస్తావేజులతో పాటు బీరువాలో పెట్టి తాళం వేసింది.

పెద్ద ఇన్‌స్పెక్టరు రిజిస్ట్రేషన్‌కి ముందు రోజు మధ్యాహ్నం, జోరు వానలో వచ్చాడు. ఆ అమ్మాయికి పని నేర్పిన మనిషి ఆయన. నత్తతో పందెం పెట్టుకుంటే నత్త గెలుస్తుంది. ఆయన వెనకే ఆమె కూడా వచ్చింది గానీ గేటు బయటే గొడుగు వేసుకుని నిలబడిపోయింది.

"లోపలికి రామ్మా, తడుస్తావు," అంది అమ్మ.

"రాకూడదు ఆంటీ. సంబంధం ఉందని రాసిచ్చాను కదా. సర్టిఫికెట్ అయ్యేదాకా ఏ పెరట్లోనూ అడుగు పెట్టకూడదు."

అమ్మ గేటు మీదుగా ఆమెకి టీ కప్పు అందించింది. రెండు చేతులతో, వేళ్లకి వేళ్లు తగిలేలా అందించింది.

సారు గేటు దగ్గరికి పోబోయాడు. "మీరు లోపల ఉండండి," అంది ఆమె, టీ ఊదుకుంటూ. "ఇంకోసారి నోరు జారితే మూడో ఇన్‌స్పెక్టరు లేడు."

పెద్దాయన సారు చేత ఒక్కొక్క మూతా తీయించి చూశాడు. ఇక పక్కింటి పెరట్లోది ఒక్కటే మిగిలింది. అక్కడికి వెళ్లి చూస్తే ఆ మూత మీద గడ్డి పరుచుకుని ఒక పెద్దబాతు గుడ్లు పొదుగుతూ కూర్చుంది.

"ఇది చూడందే నేను సంతకం పెట్టను," అన్నాడు పెద్దాయన. "ఐదు దాటాక పెడితే అది రేపటి లెక్కలోకి పోతుంది."

అప్పటికి నాలుగుంబావు. పోస్టుమాస్టారు బతిమాలాడు. బాతు వినలేదు. సారు చేయి పెట్టాడు. మోచేతి పైన ఒకటి, కింద ఒకటి కరిపించుకున్నాడు.

"దాన్ని లేపకండి, గుడ్లు చల్లారిపోతాయి," అని పక్కింటి గేటు బయటికి జరిగి ఆమె అరిచింది. "గడ్డితో సహా జరపండి. కింద నుంచి ఏదైనా గుడ్డ దూర్చండి, మందంగా ఉండాలి."

సారు ఇంట్లోకి పరిగెత్తి ప్రపంచపటం తెచ్చాడు. వెనక గట్టి గుడ్డ అంటించిన పాత గోడపటం. దాన్ని గడ్డి కిందికి మెల్లగా జొనిపాడు. నాలుగు మూలలకి నలుగురు కావాలి. సారు, పోస్టుమాస్టారు, పెద్దాయన, ముగ్గురే ఉన్నారు.

అప్పుడు పోస్టుమాస్టారి గేటు కిర్రుమంది. అమ్మ, మోకాళ్లు పట్టుకుంటూ, కొంగు నెత్తిన కప్పుకుని ఆ పెరట్లోకి వచ్చింది.

"ఆ మూల వదులుగా పట్టుకున్నారు, సరిగ్గా పట్టుకోండి," అంది.

"నాతోనేనా?" అన్నాడు పోస్టుమాస్టారు.

"బాతుకి చేతుల్లేవుగా."

ఆయన సరిగ్గా పట్టుకున్నాడు. గేటు బయటి నుంచి "మెల్లగా, ఎడమకి, ఇంకాస్త ఎడమకి" అని మాటలు వినిపిస్తుంటే, నలుగురూ వానలో ప్రపంచాన్ని పైకెత్తారు. బాతు పసిఫిక్ మహాసముద్రం నడిమధ్యలో కూర్చుని, అటూ ఇటూ తల తిప్పుకుంటూ, వరండాలోకి ఊరేగింది. గుడ్డు ఒక్కటి కూడా కదల్లేదు.

మూత తీశారు. పెద్దాయన వంగి చూశాడు, ఇంకా వంగి చూశాడు, చివరికి బాగుందన్నాడు. అయిదుకి పది నిమిషాలుందనగా సంతకం పడింది. ఆయన సిరా ఆరేదాకా ఊదాడు. ఆరాక గేటు వైపు తిరిగాడు.

"అమ్మాయ్, ఫైలు మూసేశాను. ఇక లోపలికి రావచ్చు. ఈ కుర్రాడు ఫరవాలేదు. కరిచినా బాతుని తిట్టలేదు."

ఆమె వచ్చింది. మెట్టు మీద కూర్చున్న సారు పక్కనే కూర్చుని, సంచిలోంచి దూదీ మందూ తీసి అతని చేతికి రాయసాగింది. వరండాలో అమ్మా పోస్టుమాస్టారూ గుడ్లు లెక్కపెడుతూ అప్పుడే వాదులాడుకుంటున్నారు. ఆయన ఏడంటాడు, ఆవిడ ఎనిమిదంటుంది.

"మీకు కోపం పోయిందా?" అన్నాడు సారు.

"ఆ రోజు కోపం మీ మీద కాదు. లేదని రాయబోయి చేయి ఆగిపోయింది. మీరు మాట్లాడకముందే. అది మీకు తెలిసిపోయిందేమోనని కోపం వచ్చింది."

"తెలీలేదు."

"మీకు ఏది తెలుసు గనక." ఆమె దూది తుంచింది. "ఆ కొత్త ఫ్లాటుకి ట్యాంకు ఉందా?"

"లేదు. అక్కడ మునిసిపాలిటీ లైనే."

"కచ్చితంగా తెలుసా?"

"చూసొచ్చాను. మొన్న మూత తీయించి మరీ చూశాను."

ఆమె తలెత్తి అతని వంక చూసింది. కళ్లలో నవ్వుంది.

"అయితే అక్కడ నాకు పనేమీ ఉండదు."

"ఉండదు."

"మరి ఏమని రావాలి?"

సారుకి చెప్పడానికి చాలా ఉన్నాయి. ఈసారి తొందరపడలేదు. ఆమె కట్టు కట్టి ముడి వేసేదాకా ఆగాడు.

"ఊరికే రండి," అన్నాడు.

"ఆదివారం వస్తాను," అంది ఆమె. ముడి వేయడం అయిపోయినా చేయి మాత్రం వదల్లేదు.